అప్ప వద్దన్న జాలీ

మా గోదాంలో టీ పెట్టే మూల ఒకటుంది. అక్కడ గ్యాసు పొయ్యి పక్కన ఒక ఇనుప జాలీ ముక్క ఉంటుంది. వేడి గిన్నె దించి దాని మీద పెడతారు. పోయిన నెలలో ఒక సాయంత్రం నేను అక్కడే నిలబడి టీ తాగుతుండగా, పై అంతస్తులో పనిచేసే సంతోషి గబగబా మెట్లు దిగి వచ్చింది. బిల్హా నుంచి లోకల్ రైల్లో వచ్చే ఛత్తీస్‌గఢీ అమ్మాయి. కళ్లు తుడుచుకుంటూ, "అప్పా నహీ రహీ సర్" అంది. అప్ప ఇక లేదు. నేను గ్లాసు ఆ జాలీ ముక్క మీదే పెట్టేశాను. ఆ ముక్కను తెచ్చి అక్కడ పెట్టింది అప్పే.

అప్ప అంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు అక్క అని. మాది గుంటూరు పక్క. ఆ మాట నాకు తెలియదు. బిలాస్‌పూర్ వచ్చిన కొత్తలో అందరూ ఆవిణ్ణి అప్పా అప్పా అని పిలుస్తుంటే అది ఆవిడ పేరనుకున్నాను. హిందీవాళ్లూ అలాగే అనుకున్నారు. గేటు దగ్గర కాపలా ఉండే అతను 'అప్పా మేడమ్' అనేవాడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఏకంగా 'మిసెస్ అప్పా' అన్నాడు. ఆవిడ ఎవర్నీ సరిదిద్దలేదు. అసలు పేరు జీతాల చీటీ మీద ఉండేది. దాన్ని ఇక్కడ రాయను. రాస్తే ఆవిణ్ణి బాగా ఎరిగినవాళ్లకు కూడా ఎవరో కొత్త మనిషి గురించి చదువుతున్నట్టు ఉంటుంది.

పుట్టింది ఇక్కడే, రైల్వే క్వార్టర్లో. వాళ్ల తాత ఎప్పుడో వచ్చి లోకో షెడ్డులో చేరాడట. సొంత ఊరిని ఆవిడ పెళ్లిళ్లకీ చావులకీ వెళ్లి చూడ్డమే గానీ అక్కడ ఉన్నది లేదు. అయినా నోరు విప్పితే ఆ ఊరే. చదువు మాత్రం హిందీ బడిలో. తెలుగు అక్షరాలు రావు. పై అంతస్తులో అరలకు అంటించిన చీటీలన్నీ ఆవిడే హిందీ అక్షరాల్లో రాసేది. వాటి మధ్య 'పగిలినవి', 'సిరిగినవి', 'తిప్పి పంపాలి' అని అచ్చ తెలుగు మాటలు కూడా అవే అక్షరాల్లో కూర్చుని ఉండేవి. దాంతో పైన పనిచేసే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లందరికీ చిరిగిన బట్టను 'సిరిగిన' అనడమే అలవాటైంది. అది తెలుగని వాళ్లకు తెలియదు. గోదాం మాట అనుకునేవారు.

నా తెలుగు ఆవిడకు నచ్చేది కాదు. "మీది వార్తల తెలుగు బాబూ" అనేది. నేను 'ఏమిటి' అన్నప్పుడల్లా ఒకసారి చుట్టూ చూసి, కెమెరా ఎక్కడుందో వెతుకుతున్నట్టు నటించేది. నాకేమో ఆవిడ మాట సగం అర్థమయ్యేది కాదు. నా హిందీ అంతంతమాత్రం, ఈ ఊళ్లో తెలుగు మాట చెవిన పడితే చాలని ఉండేవాణ్ణి కాబట్టి, ఆ వెక్కిరింపు కూడా బాగానే ఉండేది.

మాది ఆన్‌లైన్ పార్సెళ్ల గోదాం. జనం కొని, నచ్చక వెనక్కి పంపినవి మా దగ్గరికి వస్తాయి. వాటిని విప్పి, చూసి, మళ్లీ మడిచి డబ్బాల్లో పెట్టే పని పై అంతస్తులో ఆడవాళ్లది. మంగ్లా, మోప్కా, బిల్హాల నుంచి వస్తారు. వాళ్లందరి మీదా అప్ప. గడియారం చూసేది కాదు. 'పొద్దున్న', 'మధ్యాహ్నం' అనేది కూడా కాదు. బిల్హా లోకల్ వేళ, రాయ్‌పూర్ బండి వేళ, గూడ్సు పోయే వేళ, ఇవీ ఆవిడ పూటలు. లోకల్ ఆలస్యమైతే బిల్హా అమ్మాయిల హాజరు ముందే వేయించేసి, పైవాళ్లు అడిగితే టాయిలెట్‌కి వెళ్లారని కళ్లార్పకుండా చెప్పేది. తనకు ఇష్టం లేని అమ్మాయి ఒక్క నిమిషం ఆలస్యంగా వస్తే మాత్రం ఊరంతా వినేలా తిట్టేది. పక్షపాతం ఉండేది, దాచేది కూడా కాదు.

ఏదైనా మాట తెగిందనుకుంటే రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసి దులిపేది, పిండి దులిపినట్టు. ఆ తరవాత ఎంత అడిగినా ఆ విషయం మీద నోరెత్తదు. కారణం చెప్పే అలవాటు ఆవిడకు లేదు. నాకు అది మొండితనంగా కనిపించేది. నేను ఇంజినీర్ని, ప్రతిదానికీ కారణం కావాలి.

ఆ అరచేతుల దులుపుడు నా పనికి అడ్డొచ్చిన సంగతి చెప్పాలి.

పెద్ద గోదాముల్లో ఇనుప స్తంభాలు నిలబెట్టి, వాటి మీద మధ్యలో ఇంకో అంతస్తు వేసుకోవడం ఇప్పుడు మామూలు. కాగితాల మీద దాన్ని మెజనీన్ అంటారు, మావాళ్లకు అది 'ఊపర్', అంటే పైన. మా పాత ఊపర్ ప్లైవుడ్ పలకలది. చెమ్మకు ఉబ్బి, అడుగేస్తే మూలిగేది. దాన్ని తీసేసి గోదాంలో సగం మేర కొత్తది కట్టించే పని నాకు అప్పజెప్పారు. స్తంభాలూ దూలాలూ ఎవరైనా కడతారు. అసలు చిక్కు, పైన నేల ఏం పరచాలన్నది. ప్లైవుడ్ మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటుంది గానీ నానితే పోతుంది, నిప్పంటుకుంటే అంతకన్నా త్వరగా పోతుంది. కాంక్రీటు వేస్తే హాయిగా ఉంటుంది గానీ ఆ బరువుకు కింద స్తంభాలు, పునాదులు అన్నీ లావెక్కాలి. గీతల ఇనుప ప్లేటు గట్టిది, కానీ చప్పుడు, వేడి, పైగా కిందికి వెలుతురు రానివ్వదు. ఇక మిగిలింది గ్రేటింగ్. ఇనుప పట్టీలు నిలువుగా పేర్చి అతికిన నేల, పట్టీకీ పట్టీకీ మధ్య ఖాళీ. తేలిక. పైకప్పు వెలుతురు కిందిదాకా దిగుతుంది. గాలి ఆడుతుంది. ఖర్మ కాలి నిప్పంటుకుంటే పైనుంచి చిమ్మే నీళ్లు కిందికి పోతాయి. రేకుల కప్పు కింద బిలాస్‌పూర్ ఎండాకాలం ఎలా ఉంటుందో అనుభవించినవాణ్ణి, నాకు గ్రేటింగ్ మీద మనసు పడింది.

ఆర్డరు పెట్టేముందు పైన పనిచేసేవాళ్లకు ఒక మాట చెబుదామని అప్పను పిలిచాను. నమూనా ముక్కలు టేబుల్ మీద పరిచి, మీరు ఎండల్లో ఎంత కష్టపడుతున్నారో చూస్తున్నాం, కంపెనీ మీ గురించి ఆలోచించింది, మీకు గాలీ వెలుతురూ ఉండేలా చేస్తోంది అని చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. అప్ప గ్రేటింగ్ ముక్క చేతిలోకి తీసుకుని, దాంట్లోంచి నా మొహం చూసి, కింద పెట్టింది.

"మాకు జాలి వొద్దు బాబూ" అంది.

 ఇది జాలి కాదండీ, మీరు చేసే పనికి మీకు దక్కాల్సిన సౌకర్యం అన్నాను. ఏదైనా గాని జాలి మాత్రం వొద్దని ఆవిడ మళ్లీ చెప్పి, అరచేతులు దులిపి పైకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను, ఎంత ఆత్మాభిమానం ఉన్న మనిషో చూడు అని. మా ఆవిడ కూడా కదిలిపోయి, ఈసారి పండక్కి ఆవిడకు చీర పెడదామంది.

మర్నాడో ఆ మర్నాడో వెల్డింగ్ అతను వచ్చి, గ్రేటింగ్ ముక్క మీద చెయ్యేసి, "సర్, జాలీ కబ్ ఆయేగీ?" అని అడిగాడు. జాలీ ఎప్పుడొస్తుందీ అని. అంటే ఏమిటని అడిగితే నన్ను వింతగా చూసి ఆ ముక్కను వేలితో మోగించాడు. కన్నాలున్న ఇనుము ఏదైనా ఇక్కడ జాలీయే. పుస్తకాల్లో, కంపెనీ కాగితాల్లో చదువుకున్న నాకు అది గ్రేటింగ్. చివరి దీర్ఘాన్ని మన నోరు ఎలాగూ మింగేస్తుంది కాబట్టి అప్ప నోట్లో జాలీ కాస్తా జాలి అయింది.

అప్పకు నేనే వెళ్లి చెప్పాను. ఆవిడ మొదట అర్థం కాక చూసి, తరవాత డబ్బాల మీద కూలబడి నవ్వింది. "ఒలమ్మ ఒలమ్మ, నాను ఇనుము వొద్దంటే ఈ బాబు దయ వొద్దన్నాననుకున్నాడు" అని పై అంతస్తంతా వినిపించింది. తెలుగొచ్చిన ఒకరిద్దరు నవ్వారు. రానివాళ్లు వాళ్లను చూసి నవ్వారు. ఆ రోజు నుంచీ నేను మెట్లెక్కితే చాలు, ఏదో మూలనుంచి "జాలి వొద్దు" అని వినిపించేది. ఛత్తీస్‌గఢీ అమ్మాయిలు కూడా ఆ రెండు మాటలూ పట్టేశారు, 'సిరిగిన' పక్కన ఇదొకటి.

నవ్వు సరే, ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు. గాలి వస్తుంది కదా అన్నాను. వస్తుంది అంది. వెలుతురు కదా అన్నాను. ఔనంది. మరి? అరచేతులు. నాకు పంతం వచ్చింది. పని ఎంతో కొంత మొదలుపెడితే వాళ్లే అలవాటు పడతారని, ఒక మూల గ్రేటింగ్ పరిపించి, కొంతమందిని అక్కడ కూర్చోబెట్టాను.

వాళ్లు మారు మాట్లాడకుండా కూర్చున్నారు. మధ్యాహ్నానికి వెళ్లి చూస్తే ఆ మూలంతా ఖాళీ అట్టపెట్టెలు విప్పి చాపల్లా పరిచి ఉన్నాయి. అలా కప్పేస్తే నిప్పంటుకున్నప్పుడు నీళ్లు దిగవని, అట్టే ముందు అంటుకుంటుందని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పి తీయించాను. మర్నాడు మళ్లీ పరిచి ఉన్నాయి. ఎవరు పరిచారంటే ఎవరూ కాదు. ఒకామె నడిచేటప్పుడు కుచ్చిళ్లు రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని చిన్న చిన్న అడుగులు వేయడం చూశాను. కాళ్ల నొప్పులేమో అనుకున్నాను.

ఈ అట్టల గొడవ ఎవరో హెడ్డాఫీసుకు మోశారు. అక్కడి పెద్దమనిషి ఫోన్ చేశాడు. మంచివాడే, ఎప్పుడూ గొంతు పెంచడు. ఆడవాళ్లకు కొత్త నేల కుదరకపోతే బలవంతం ఎందుకు, వాళ్లను మానిపించి కాంట్రాక్టరుకు చెప్పి కుర్రాళ్లను తెప్పించుకోండి, నెలాఖరుకల్లా తేల్చండి అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. పైనున్న ఆడవాళ్లలో ఆ జీతం మీదే పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. అప్పకు ఇంకా బాగా తెలుసు.

ఆ సాయంత్రం, బిల్హా అమ్మాయిలు స్టేషన్‌కు వెళ్లిపోయాక, మెట్ల దగ్గర అప్పకు ఫోన్ సంగతి చెప్పాను. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. మెట్ల కమ్మీ పట్టుకుని, అటూ ఇటూ చూసి, చుట్టుపక్కల ఎవరూ లేరని ఖాయం చేసుకుంది.

"బాబూ, ఇంటి కాడ లుంగీ కడతారా?"

కడతానన్నాను.

"రేపు లుంగీ కట్టుకొని రండి. మీరు జాలి మీద నిలబడండి. మేమందరం కిందని పని సేసుకుంటాం."

నేను తల పైకెత్తాను. ఆ మూలన నేను ముచ్చటపడి పరిపించిన గ్రేటింగ్ నా నెత్తి మీదే ఉంది. పని అయ్యాక అట్టలు ఎత్తేశారు, పట్టీల మధ్య నుంచి పైకప్పు దాకా తేటగా కనిపిస్తోంది. ఎలక్ట్రీషియన్ ఎవరో అప్పుడే దాని మీదికి వచ్చాడు. అతని చెప్పుల అడుగు, పంట్లాం కాళ్ల లోపలి అంచులు కనిపిస్తున్నాయి. చీరలు కట్టుకున్న ఆడవాళ్లు, కింద లోడింగ్ చేసే మగవాళ్లు. ఇంత చిన్న విషయం ఒక్కసారి ఇక్కడ నిలబడి తలెత్తితే తెలిసేది. నేను ఎప్పుడూ పైనుంచి కిందికే చూశాను.

ముందే చెప్పొచ్చు కదా అప్పా అన్నాను. ఆవిడ అప్పుడు చెప్పింది, మెట్టు మీద కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ. ఇక్కడికి రాకముందు ఇంకెక్కడో ఒక గోదాంలో పనిచేసేదట. అక్కడా ఇలాంటి నేలే వేశారు. ఒకామె ధైర్యం చేసి పెద్దవాళ్లకు కారణం చెప్పింది. అందరూ అయ్యో పాపం అన్నారు, నిజమే సుమా అన్నారు, పైన పని ఆడవాళ్లకు తగదని తేల్చారు. ఆ నెలలోనే అందర్నీ ఇళ్లకు పంపేశారు.

"కారణం సెప్తే జాలి తియ్యరు బాబూ, ఆడోళ్లని తీస్తారు" అంది.

కింద పనిచేసేవాళ్ల మీద ఆవిడకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్లు మంచివాళ్లే, తలెత్తరు అంది. రోజంతా తల వంచుకుని బరువులు మొయ్యమని వాళ్లకు మాత్రం ఏం శిక్ష అని కూడా అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తొస్తూ ఉండేది. తన పక్షాన తాను కొట్లాడుతూ అవతలివాళ్ల మెడ నొప్పి గురించి ఆలోచించే మనిషిని నేను ఎక్కువగా చూడలేదు.

ఆఖర్న, మీరు ఇంజినీరు కదా, ఇంకేదైనా కారణం రాయండి అని నాకు పని పురమాయించి లేచింది. హెడ్డాఫీసులో తెలుగు చదివేవాళ్లు లేరన్న ధైర్యంతో ఇప్పుడిది రాస్తున్నాను. గ్రేటింగ్ సందుల్లో ట్రాలీ చక్రాలు ఇరుక్కుంటున్నాయి, గీతల ప్లేటు వేయడం మేలు అని రాసి పంపాను. కొన్నాళ్లకు లారీలో పెద్ద చక్రాల ట్రాలీలు దిగాయి. మా కష్టం అర్థం చేసుకున్నందుకు వాళ్లకు దండం పెట్టాలో తల బాదుకోవాలో తెలియలేదు. అప్ప ఆ ట్రాలీలు దించుతుంటే నడుం మీద చేతులు వేసుకుని చూసి, "అచ్ఛా, ఇప్పుడేటి సేస్తారు?" అని అడిగింది. పాపం భయపడుతూనే ఉంది గానీ నవ్వాపుకోలేకపోయింది. ఈసారి పైనుంచి దుమ్ము రాలి కింద ఉన్న పార్సెళ్ల మీద పడుతోందని రాశాను. సరుకు పాడవుతుందంటే ఎవరైనా వింటారు. వెంటనే ప్లేటుకు ఒప్పుకున్నారు. కుర్రాళ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

ప్లేటు పరిచిన రోజు అప్ప పండగ చేసింది. మా ఆవిడ పంపిన చీర ఆ రోజే కట్టుకొచ్చింది, ఏ కారణంతో ఆ చీర వచ్చిందో తెలిసీ. మూలన ఊడదీసిన గ్రేటింగ్‌లోంచి ఒక ముక్క కోయించి టీ గిన్నె కింద పెట్టింది. దీనికి ఇదే పని అంది.

అంతా సుఖాంతం అయిందని చెప్పను. ప్లేటుకు ఉన్న అవలక్షణాలన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముందు చప్పుడు. అప్ప బరువుగా, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచేది. ప్లేటు మీద ఆ నడక కింద ఆఖరి మూల వరకూ వినిపించేది. లోడింగ్ వాళ్లు బీడీ ఆర్పాలో వద్దో ఆ చప్పుణ్ణి బట్టి తేల్చుకునేవారు. పైన అమ్మాయిలు ముచ్చట్లు ఆపేవారు. ఇప్పుడు మీరు ఎక్కడున్నారో ఊరందరికీ తెలుస్తోంది అప్పా అని ఏడిపించాను. "ఇనబడితే ఇనబడనీ. అగుపడకూడదు గాని" అంది.

తరవాత కింద చీకటి. పట్టపగలు దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. దాన్ని ఆవిడ ఒప్పుకుంది. ఎండాకాలం వచ్చేసరికి ప్లేటు పెనంలా కాలడం మొదలుపెట్టింది. దాన్ని మాత్రం ఒప్పుకోలేదు. తను కావాలని వేయించుకున్న నేల కాళ్లు కాలుస్తోందని ఎలా అంటుంది? ఎవరూ చూడకుండా బకెట్‌తో నీళ్లు తెచ్చి చల్లింది. తడి ప్లేటు మీద ఒకమ్మాయి జారి కూర్చుంది. దెబ్బ పెద్దగా తగల్లేదు. అప్ప వెళ్లి గోనెసంచులు తెచ్చి పరిచింది. నేను రబ్బరు పట్టాలు తెప్పించి పరిపిస్తే, వేడి తగ్గి, చప్పుడు కూడా సగం తగ్గితే, దగ్గరికొచ్చి పాదంతో నొక్కి చూసి, ఇది మొదటే ఎందుకు తేలేదని నన్నే కేకలేసింది. పక్కనున్న అమ్మాయిలు నా వంక చూసి నవ్వారు. నాకు కోపం రాలేదు. ఆవిడ తప్పు ఒప్పుకునే పద్ధతి అంతేనని అప్పటికి తెలుసు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఆవిడ మోకాళ్లు పాడవుతూ వచ్చాయి. ఇనుప మెట్లు పక్కకు తిరిగి, కమ్మీ రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్కటే ఎక్కేది. బిల్హా అమ్మాయిలు వెనక నిలబడి ఓపిగ్గా ఎక్కేవారు. ఎవరూ దాటి వెళ్లేవారు కాదు. నేను చూడలేకపోయేవాణ్ణి. కింద గేటు దగ్గర పార్సెళ్లు సరిచూసే కుర్చీ ఒకటి ఖాళీ అయితే, అదే జీతం మీద ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టడానికి పైవాళ్లను ఒప్పించి, ఆ సంగతి చెప్పాను.

ఆవిడ నా మొహం చూసింది. కళ్లలో అల్లరి.

"జాలి వొద్దని ఆవేళే సెప్పినాను కదా."

ఏ జాలి అప్పా అన్నాను.

"రొండూ" అంది.

అరచేతులు దులిపి, కమ్మీ పట్టుకుని పైకెక్కడం మొదలుపెట్టింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ పైమెట్టు చేరేదాకా కింద నిలబడ్డాను. తలెత్తి చూడాల్సిన పని లేదు. చప్పుడు చెబుతూనే ఉంది.

పోయిన వానాకాలంలో రావడం మానేసింది. జబ్బు మోకాళ్లలో కాదు, లోపలెక్కడో ఉందని తేలింది. ఒకసారి మోప్కాలో వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద బాగా చిక్కిపోయి ఉంది. ఎలా ఉన్నారని అడిగే సందు ఇవ్వలేదు. మెట్లు ఎక్కగానే ఎడమ పక్కన రబ్బరు పట్టా మూల లేచింది, ఎవరైనా తన్నుకుని పడతారు, అతికించారా అని అడిగింది. అతికించలేదు. మర్నాడు అతికించి, అతికించానని కబురు చేశాను. అదే ఆవిడా నేనూ మాట్లాడుకున్న ఆఖరి సంగతి.

అప్ప పోయిన వారంలోనే ఊపర్‌ను ఇంకా పెంచే పని వచ్చింది. హెడ్డాఫీసు ఈసారి తమ ఇంజినీర్ని పంపింది. హైదరాబాద్‌లో పెరిగిన తెలుగువాడు, ముప్పై ఏళ్లుంటాయి. చక్కగా మాట్లాడతాడు, తెలుగు చదవడం మాత్రం రాదన్నాడు. నాకు అదీ మంచిదే. సంచీలోంచి నమూనా ముక్కలు తీసి, పై అంతస్తులోనే ఒక బల్ల మీద పరిచి, ఆడవాళ్లను పిలిచి హిందీలో గాలి గురించీ వెలుతురు గురించీ చెప్పాడు. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పాడు. తరవాత గ్రేటింగ్ ముక్కను పైకెత్తి చూపించాడు.

అప్ప కుర్చీ పక్కన నిలబడి ఉన్న సంతోషి దాన్ని చూసింది. తెలుగులో ఆ అమ్మాయికి వచ్చిన మాటలు పది ఉంటాయేమో. అప్ప యాసతో, అప్ప సాగదీసినట్టే సాగదీసి, "జాలి వొద్దు" అంది. అరచేతులు దులిపింది.

ఆ అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. ఇంత దూరంలో ఈ అమ్మాయి నోట తెలుగు. మొహం మెత్తబడింది, గొంతు తగ్గింది. జాలి కాదమ్మా, ఇది మీ హక్కు అన్నాడు. సంతోషికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనకున్న ఆడవాళ్లను ఒకసారి చూసి మళ్లీ "వొద్దు" అంది. అతను నా దగ్గరికి వచ్చి, ఎంత ఆత్మాభిమానం సార్ వీళ్లకి అన్నాడు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అటు తిరిగాను. ఇది విని అప్ప ఎంత నవ్వేదో, ఏ డబ్బాల మీద కూలబడేదో కళ్లకు కట్టినట్టు కనిపించింది. అబ్బాయి నేను కూడా కదిలిపోయాననుకుని మర్యాదగా ఊరుకున్నాడు. ప్లేటే వేద్దాం, రబ్బరు పట్టాలతో కలిపి అని చెప్పాను. సరేనని ఫోన్‌లో రాసుకోబోయి ఆగాడు.

"మరి గ్రేటింగ్ ఎందుకు వద్దని రాయాలి సార్? కారణం అడుగుతారు."

ఆడవాళ్లందరూ నా వంకే చూస్తున్నారు. భాష తెలియకపోయినా ఏం అడిగాడో వాళ్లకు తెలుసు.

"కింద పార్సెళ్ల మీద దుమ్ము పడుతుందని రాయి" అన్నాను.